టెక్సాస్ వచ్చేశాం, నా యాప్ స్టోర్ మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది

ప్రశ్న: నమస్కారం అండీ. నాలుగు నెలల క్రితం గుంటూరు నుంచి టెక్సాస్‌లోని ప్లేనో వచ్చాం. మా వారి ఉద్యోగం ఇక్కడే, మూడేళ్లయితే ఉంటాం, ఆ తర్వాత సంగతి తెలియదు. నా ఐఫోన్ ఎనిమిదేళ్ల నాటి ఇండియా అకౌంట్‌తోనే నడుస్తోంది. పాప స్కూలు వాళ్లు చెప్పిన యాప్ వేసుకుందామంటే మీ దేశంలో లేదు అంటోంది, ఇక్కడి బ్యాంకు యాప్ కూడా అంతే. మా వారి ఆఫీసులో ఇచ్చిన 50 డాలర్ల యాపిల్ గిఫ్ట్ కార్డు కోడ్ కొడితే తీసుకోలేదు. సరే దేశం మార్చేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళితే బ్యాలెన్స్ ఖర్చు పెట్టు, సబ్‌స్క్రిప్షన్లు ఆపు, ఫ్యామిలీలోంచి బయటికి రా అని వరసగా అడుగుతోంది. బ్యాలెన్స్ 340 రూపాయలుంది. 200 జీబీ ఐక్లౌడ్ నేను కడుతున్నాను, గుంటూరులో అమ్మానాన్నల ఫోన్లు కూడా అందులోనే ఉన్నాయి. పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలన్నీ దాంట్లోనే. దేశం మారిస్తే అవి పోతాయా? మా వారిది ఆండ్రాయిడ్, ఆయనకీ ఇదే గొడవ. మా తమ్ముడేమో వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెడితే ఏ దేశం అకౌంటైనా ఐదు నిమిషాల పని, నేను గేమ్స్ అలాగే చవగ్గా కొంటున్నాను అంటున్నాడు. ఏం చేయమంటారు? ఈ టెన్షన్‌తో రెండు రోజులుగా సరిగా నిద్ర లేదు.
— ఒక పాఠకురాలు, ప్లేనో

సమాధానం: ముందు మీరు నిద్రపోండమ్మా. పాప ఫోటోలు ఎక్కడికీ పోలేదు, పోవు కూడా, మీరు తొందరపడి ఏదో ఒకటి నొక్కేయకుండా ఉంటే చాలు. ఆ స్క్రీన్ మూడు షరతులు అడగ్గానే ఆగిపోయి ఉత్తరం రాశారు చూడండి, మంచి పని చేశారు. చాలామంది అక్కడ ఆగరు, ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోయి, ఐక్లౌడ్ కూడా ఆపేసి, నెల తర్వాత ఫోటోలు ఎక్కడం లేదని గాభరా పడతారు.

నా మాట సూటిగా చెబుతాను. ఇప్పుడు మీ పాత అకౌంట్ దేశం మార్చకండి. అది ఇండియాలోనే ఉండనివ్వండి. యాప్‌ల కోసం మాత్రం అమెరికా అడ్రస్‌తో ఇంకో అకౌంట్ తెరిచి, ఈ రెండూ ఒకే ఫోన్‌లో వాడుకోండి. ఇది దొడ్డిదారి కాదు, ఐఫోన్‌లోనే ఆ ఏర్పాటు ఉంది, కాకపోతే ఎవరూ చెప్పరు.

సంగతేమిటంటే, మనం అకౌంట్ అని ఒక్క మాటలో అనేస్తాం కానీ ఐఫోన్‌లో దానికి రెండు పనులున్నాయి. ఒకటి ఐక్లౌడ్, అంటే ఫోటోలు, ఫోన్ నంబర్లు, బ్యాకప్, ఫోన్ పోతే వెతికే సౌకర్యం. రెండోది దుకాణం, అంటే యాప్‌లు, పాటలు, సినిమాలు కొనడం, దింపుకోవడం. దేశం గొడవంతా ఆ రెండోదానితోనే. సెట్టింగ్స్‌లో పైన మీ పేరు మీద నొక్కితే 'మీడియా అండ్ పర్చేజెస్' అని ఒక వరస కనిపిస్తుంది. అందులో సైన్ అవుట్ అయి వేరే అకౌంట్‌తో సైన్ ఇన్ కావచ్చు. అక్కడ సైన్ అవుట్ అయితే దుకాణం ఒక్కటే మారుతుంది, ఐక్లౌడ్ కదలదు. కానీ జాగ్రత్త, అదే పేజీలో అన్నిటికంటే కింద ఎర్ర అక్షరాల్లో ఇంకో సైన్ అవుట్ ఉంటుంది, అది మొత్తం ఫోన్‌కి సంబంధించింది, దాని జోలికి వెళ్లకండి.

కొత్త అకౌంట్ తెరవడానికి ఇంతవరకు యాపిల్‌లో వాడని ఇంకో ఈమెయిల్ కావాలి. ఫోన్ నంబరు మీ అమెరికా నంబరే ఇవ్వొచ్చు. మీడియా అండ్ పర్చేజెస్‌లో సైన్ అవుట్ అయ్యాక యాప్ స్టోర్ తెరిచి, ఏదైనా ఉచిత యాప్ దింపబోతే సైన్ ఇన్ అడుగుతుంది, అప్పుడు కొత్త అకౌంట్ అని ఎంచుకుని దేశం అమెరికా అని, ప్లేనోలో మీ ఇంటి అడ్రస్ ఇవ్వండి. డబ్బు కట్టే పద్ధతి దగ్గర 'నన్' అని వస్తే అది చాలు, ఉచిత యాప్‌లకు కార్డు అక్కర్లేదు. ఆ ఎంపిక రాకపోతే అక్కడి బ్యాంకు కార్డు ఇవ్వండి. మీరు నిజంగానే అక్కడ ఉంటున్నారు, అడ్రస్ నిజం, కార్డు నిజం. యాపిల్ నిబంధనల్లో కూడా అకౌంట్‌లో పెట్టే దేశం మనం నివసించే దేశం అయి ఉండాలనే రాసి ఉంటుంది. కాబట్టి ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు.

ఇలా చేస్తే మీ పాత ఇండియా యాప్‌లు పోవు. ఫోన్‌లో ఉన్నవి ఉన్నట్టే పని చేస్తాయి. వాటికి అప్‌డేట్ వచ్చినప్పుడు మాత్రం ఏ అకౌంట్‌తో దింపారో ఆ పాస్‌వర్డ్ అడుగుతుంది, అంటే గుంటూరు బ్యాంకు యాప్‌కి పాత పాస్‌వర్డ్, పాప స్కూలు యాప్‌కి కొత్త పాస్‌వర్డ్. కొంచెం విసుగే, ఒప్పుకుంటాను. అలాగని రోజుకోసారి అటూ ఇటూ మారకండి, పాత కొనుగోళ్లు ఒక అకౌంట్‌తో దింపుకున్నాక ఆ ఫోన్‌ని ఇంకో అకౌంట్‌కి తిప్పడానికి 90 రోజుల గడువు పెట్టే నియమం ఒకటి ఉంది. అమెరికా అకౌంట్ పెట్టి అలా వదిలేయండి.

అసలు పాత అకౌంట్‌ని ఎందుకు మార్చొద్దంటున్నానో చెప్పాలి, ఎందుకంటే మీ చుట్టాల్లో కనీసం ఇద్దరు 'ఏముంది, దేశం మార్చేస్తే అయిపోతుంది' అంటారు. దేశం మార్చాలంటే బ్యాలెన్స్ సున్నా కావాలి, సబ్‌స్క్రిప్షన్లన్నీ ఆపి, కట్టిన గడువు పూర్తయ్యేదాకా ఆగాలి, ఆ ఆపే వాటిలో మీ 200 జీబీ ఐక్లౌడ్ కూడా ఉంటుంది. అది ఆగిన రోజు నుంచి మీకు మిగిలేది ఉచితంగా ఇచ్చే 5 జీబీ. అందులో ఉన్నవి ఆ రోజే చెరిపేయరు కానీ కొత్త ఫోటోలు ఎక్కవు, బ్యాకప్ ఆగిపోతుంది, ఐక్లౌడ్ మెయిల్ ఉంటే అది కూడా నిలిచిపోతుంది. మీతో పాటు గుంటూరులో అమ్మ ఫోన్, నాన్న ఫోన్ కూడా ఆ 5 జీబీల దగ్గరికే వస్తాయి. వాళ్లకి ఆ ఫోన్‌లో ఏమైందో తెలియదు, నిండిపోయింది నిండిపోయింది అని మెసేజ్ వస్తుంటే భయపడి ఏదో ఒకటి తుడిచేస్తారు. దూరాన ఉన్న మీకు వీడియో కాల్‌లో అది సరిచేయడం ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు.

ఫ్యామిలీ షేరింగ్‌లో, అంటే ఇంట్లోవాళ్లంతా ఒకే ప్లాన్ పంచుకునే గ్రూపులో, అందరి అకౌంట్లూ ఒకే దేశంవి అయి ఉండాలి. మీరు అమెరికాకి మారితే అమ్మానాన్నలు ఆ గ్రూపులో ఉండలేరు. అది కూడా మీరు మొదలుపెట్టిన గ్రూపు. పెద్దరికాన్ని నాన్నగారికి అప్పగించి మీరు తప్పుకోవడం అనేది అక్కడ లేదు. మీరు గ్రూపు రద్దు చేయాలి, ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇన్ని కదిపేది ఒక స్కూలు యాప్ కోసమా?

ఇంకొకటి, ఇండియా యాప్‌లు. దేశం మార్చాక ఫోన్‌లో ఉన్నవి ఉంటాయి కానీ అమెరికా స్టోర్‌లో లేని యాప్‌కి అప్‌డేట్‌లు ఆగిపోవచ్చు. మన బ్యాంకు యాప్‌లు కొన్నాళ్లకోసారి 'అప్‌డేట్ చేస్తేనే తెరుస్తా' అని మొండికేస్తాయి కదా, అప్పుడు ఇరుక్కుంటాం. గుంటూరులో ఇంటి పన్నో, నాన్నగారి మందులకు డబ్బు పంపడమో ఉన్నప్పుడు ఆ యాప్ తెరుచుకోకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల క్రితం నేను బయటి దేశం వెళ్లినప్పుడు ఒక స్టోర్‌లో ఇలాగే వెంటనే దేశం మార్చేశాను, ఎవరినీ అడగలేదు. ఇండియాలో డబ్బిచ్చి కొనుక్కున్న తెలుగు సినిమాలు, పుస్తకాలు కొన్ని మళ్లీ దింపుకోవడానికి కనిపించలేదు. సహాయ కేంద్రానికి రాస్తే ఆ దేశంలో మాకు హక్కు లేదు అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. మన బీరువాలో ఉన్న పుస్తకాన్ని మనతో తీసుకెళ్తే ఎవరూ ఆపరు. ఇక్కడ మనం కొన్నామనుకునేది నిజానికి వాడుకునే అనుమతి మాత్రమే, ఆ అనుమతి కూడా ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశానికే ముడిపడి ఉంటుంది. సినిమా హక్కులు దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి ఇలా జరుగుతుందని తర్వాత అర్థమైంది, బాధ మాత్రం తగ్గలేదు.

మీ గిఫ్ట్ కార్డు సంగతి కూడా ఇందులోంచే వచ్చింది. యాపిల్ కార్డు ఏ దేశంలో కొంటే ఆ దేశం అకౌంట్‌లోనే పడుతుంది. డబ్బు వ్యవహారంలో ఒక్కో దేశానిది ఒక్కో చట్టం, ఒక్కో పన్ను. మన దగ్గరే చూడండి, 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నెలనెలా ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చెల్లింపులకు కొత్త నియమాలు తెచ్చింది, ముందుగా సమాచారం పంపాలి, ఒక మొత్తం దాటితే ఓటీపీ అడగాలి అని. ఆ మొత్తం మొదట 5,000 రూపాయలు, 2022 జూన్‌లో 15,000 చేశారు. అవతల అదే 2022లో యాపిల్ ఇండియా స్టోర్‌లో కార్డులు తీసుకోవడం ఆపేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, అకౌంట్ బ్యాలెన్స్ అంది. అందుకే మీరు అమెరికా నుంచి ఇండియా ఐక్లౌడ్ బిల్లు కట్టడానికి అమెరికా కార్డు పెడతామంటే తీసుకోదు.

మరి ఆ బిల్లు ఎలా కట్టాలి? 200 జీబీ అంటే ఇండియాలో నెలకు 219 రూపాయలు, మీ 340లో ఒక నెల గడుస్తుంది. తర్వాత మీ ఇండియా బ్యాంకు ఖాతా ఉంటే దాని యూపీఐ పెట్టుకోండి. అమెరికాతో కలిపి 10 దేశాల ఫోన్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల (విదేశాల్లో ఉండే మనవాళ్లకి ఇండియా బ్యాంకులు ఇచ్చే ఖాతాలు) మీద యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలోనే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ అనుమతించింది, మీ బ్యాంకు ఆ సౌకర్యం ఇస్తోందో లేదో ఒకసారి కనుక్కోండి. అది కుదరకపోతే నాన్నగారిని గుంటూరులో యాపిల్ గిఫ్ట్ కార్డు ఒకటి కొని కోడ్ పంపమనండి, ఇండియాలో కొన్నది కాబట్టి మీ ఇండియా అకౌంట్‌లో పడుతుంది. వెయ్యి రూపాయలు వేసుకుంటే నాలుగు నెలలు చూసుకోనక్కర్లేదు. తెలిసిన దుకాణంలోనే, కంపెనీ అనుమతి ఉన్న చోటే కొనమనండి. ఎవరో టెలిగ్రామ్‌లో తక్కువకి ఇస్తున్నారని కొన్న కోడ్ దొంగ కార్డుతో కొన్నది అని తేలితే అకౌంట్ మొత్తానికి తాళం పడే ప్రమాదం ఉంది, ఆ అకౌంట్‌లోనే కదా పాప ఫోటోలున్నది.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, నా లెక్కలో మిగతా అన్నిటికంటే ఇదే ముందు చేయాల్సిన పని. మీ పాత అకౌంట్‌కి ఓటీపీ ఏ నంబరుకి వస్తోంది? ఇండియా నంబరుకే అయితే, ఆ సిమ్ రీచార్జ్ చేస్తున్నారా? 90 రోజులు వాడకుండా వదిలేస్తే ప్రీపెయిడ్ నంబరు రద్దయ్యే ప్రమాదం ఉంది, ఆ తర్వాత దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఫోన్ పోయి, కొత్త ఫోన్‌లో సైన్ ఇన్ అవ్వాల్సి వచ్చి, ఓటీపీ మాత్రం చచ్చిపోయిన నంబరుకి వెళ్తుంటే అప్పుడు నిజంగా ఫోటోలు చేజారే పరిస్థితి వస్తుంది. సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కి 'సైన్ ఇన్ అండ్ సెక్యూరిటీ'లో నమ్మకమైన ఫోన్ నంబర్లు అని ఉంటుంది, అక్కడ మీ అమెరికా నంబరు, వీలైతే మీ వారి నంబరు కూడా చేర్చండి. పాత నంబరు తీసేయొద్దు, అది బ్యాంకు కోసం కూడా కావాలి, కనీస రీచార్జ్ చేస్తూ ఉండండి. నాలుగు నెలలైంది అన్నారు కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం కంగారుగానే ఉంది.

మూడేళ్ల తర్వాత సంగతి తెలియదన్నారు. అక్కడే స్థిరపడితే అప్పుడు తీరిగ్గా పాత అకౌంట్‌ని కూడా మార్చుకోవచ్చు. ఆ రోజు వస్తే, ముందు ఫోటోలన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి తీసుకోండి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది, ఫోన్‌లో స్థలం ఆదా చేసే ఎంపిక ఆన్‌లో ఉంటే ఫోన్‌లో కనిపించేవి చిన్న కాపీలు, అసలు ఫోటోలు ఐక్లౌడ్‌లో ఉంటాయి, కాబట్టి ఫోన్‌లో ఉన్నాయిలే అనుకోవద్దు. యాపిల్ ప్రైవసీ పేజీలోకి వెళ్లి మన డేటా కాపీ కావాలని అడిగితే భాగాలుగా ఇస్తారు, కొన్ని రోజులు పడుతుంది. పాటలు, సినిమాలు ఏమైనా కొని ఉంటే అవీ దింపుకోండి. నాన్నగారి చేత వేరే గ్రూపు పెట్టించి వాళ్లకి 75 రూపాయల 50 జీబీ ప్లాన్ తీయించండి. తర్వాత మీ ప్లాన్ ఆపి, గడువు ముగిసిన రోజున దేశం మార్చి, అమెరికా కార్డు పెట్టి, అదే రోజు 2.99 డాలర్ల 200 జీబీ తీసుకోండి. బ్యాలెన్స్‌లో ఏదీ కొనలేనంత చిల్లర మిగిలితే యాపిల్ సపోర్ట్‌కి ఫోన్ చేస్తే తీసేస్తారు, దానికోసం ఏదో ఒకటి వెతికి కొనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో యాపిల్ ఒక అకౌంట్‌లో కొన్నవాటిని ఇంకో అకౌంట్‌కి మార్చుకునే వీలు తెచ్చింది, అప్పుడు ఇండియా వాళ్లకి ఇవ్వలేదు. మీ రెండు అకౌంట్లూ అమెరికావి అయినప్పుడు అది మీకు పనికి రావచ్చు.

మీ వారి ఆండ్రాయిడ్ ఇంతకంటే తేలిక. ప్లే స్టోర్‌లో పైన మూల ఫోటో మీద నొక్కి ఇంకో గూగుల్ అకౌంట్ చేర్చుకోవచ్చు, ఒకే ఫోన్‌లో ఒకదాన్నుంచి ఇంకోదానికి సెకనులో మారొచ్చు. అమెరికాలో కొత్తగా తెరిచిన అకౌంట్ అమెరికా స్టోర్‌నే చూపిస్తుంది. ఆయన ఉన్న అకౌంట్‌నే మార్చుకుంటానంటే అదీ కుదురుతుంది, అమెరికాలో ఉండి, అక్కడి కార్డు పెట్టాలి, మార్పు పూర్తిగా కనిపించడానికి 48 గంటల దాకా పట్టొచ్చు, ఇండియా ప్లే బ్యాలెన్స్ ఇండియాకే ఉండిపోతుంది. కానీ ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పండి ఆయనకి: సంక్రాంతికో పెళ్లికో ఇండియా వెళ్లినప్పుడు ప్లే స్టోర్ 'ఇండియాకి మారతారా' అని చూపిస్తే పొరపాటున సరే అనొద్దు. అలా మారితే మళ్లీ ఏడాది దాకా అమెరికా స్టోర్ దొరకదు.

ఇక మీ తమ్ముడు. కుర్రాళ్లకి చవగ్గా వస్తుందంటే ఆశ ఉంటుంది, తప్పు పట్టను, కానీ మీరు మాత్రం ఆ దారి పట్టొద్దు. కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్ స్టోర్‌లో అర్జెంటీనా, టర్కీ ధరలు చాలా తక్కువ ఉండేవి, ఎక్కడెక్కడి వాళ్లో వీపీఎన్ పెట్టి అక్కడి అకౌంట్లు చేసుకున్నారు. 2023 నవంబర్‌లో స్టీమ్ ఆ రెండు దేశాల్లో స్థానిక కరెన్సీ తీసేసి డాలర్ ధరలు పెట్టింది, మారకపు విలువ నిలకడగా లేదని కారణం చెప్పింది. బయటి నుంచి దూరినవాళ్లు ఇంకో చవక దేశం వెతుక్కుంటారు, అక్కడే పుట్టి అక్కడే సంపాదించే పిల్లలు మాత్రం ఒక్కసారిగా పెరిగిన ధర కట్టాల్సి వచ్చింది. నాకు అది అన్యాయంగా అనిపించింది. ఇప్పుడు స్టీమ్‌లో దేశం మారాలంటే కొత్త దేశపు చెల్లింపు పద్ధతితో కొనాలి, మూడు నెలలకోసారే మార్చుకోవచ్చు, వీపీఎన్‌తో దేశం దాచడం నిబంధనల ప్రకారమే కుదరదు. యూట్యూబ్ కూడా 2024లో అలా చవక దేశం పేరు మీద తీసుకున్న ప్రీమియం సభ్యత్వాలు రద్దు చేసింది. తమ్ముడికి నష్టమైతే కొన్ని గేమ్స్ పోతాయి. మీకు నష్టమైతే ఏం పోతుందో మీకే తెలుసు. అతనితో ఒకసారి ప్రేమగా చెప్పండి, ఇండియా అకౌంట్‌లో రూపాయి ధరలే ఉన్నాయి, తగ్గింపు అమ్మకాల రోజుల్లో సగానికి సగం తగ్గుతాయి, ఆగి కొనుక్కోవచ్చు.

మీరు చేయాల్సిన వరస ఇది. ఈ రాత్రి పాత అకౌంట్‌లో అమెరికా నంబరు చేర్చండి. రేపు తీరిక చూసుకుని కొత్త అకౌంట్ తెరిచి స్కూలు యాప్, బ్యాంకు యాప్ దింపుకోండి. ఫ్యామిలీ గ్రూపు, ఐక్లౌడ్, అమ్మానాన్నల ఫోన్లు, వేటినీ ముట్టుకోవద్దు. ఆ 50 డాలర్ల కార్డు పారేయలేదు కదా? దానికి గడువు ఉండదు, కొత్త అకౌంట్‌లో కోడ్ కొట్టండి, పడుతుంది.